కవలల్లో మిగిలినాయన

మా ఎదురింటి అంకుల్ పోయారు. ఆదివారం పొద్దున్నే ఆయన తమ్ముడి కొడుకు వచ్చి మా తలుపు తట్టాడు. సరిహద్దు అవతల జొహోర్‌లో ఉంటాడు, శని ఆదివారాలు పెదనాన్నను చూడటానికి వస్తుంటాడు. "అక్కా, పెదనాన్న నిద్దట్లోనే వెళ్లిపోయారు. హార్ట్. నొప్పీ గిప్పీ ఏం లేదు లా" అన్నాడు. నన్ను ఓదార్చడానికి కాబోలు, "ఈ వయసులో కూడా లంగ్స్ ఫస్ట్ క్లాస్ అన్నారు కదా డాక్టర్. అదృష్టం చేసుకున్నారు" అని కూడా అన్నాడు.

పాపం, ఆ అబ్బాయికి తెలియదు. ఊపిరితిత్తులు బాగున్నాయన్నదే ఆయనకి పెద్ద శిక్ష. ఆ సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అంకుల్ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా రబ్బరు తోటలకు వచ్చినవాళ్లు. అక్కడే అంకుల్, ఆయన తమ్ముడు కవలలుగా పుట్టారు. తల్లి కూడా పోల్చుకోలేనంతగా ఒకేలా ఉండేవారట. ఇద్దరూ పని కోసం సరిహద్దు దాటి, దక్షిణాన ఉన్న ఈ ద్వీపానికి వచ్చారు. తమ్ముడు హార్బర్లో క్రేన్ నడిపాడు, పెళ్లి చేసుకున్నాడు. అన్నగారు పెళ్లి చేసుకోలేదు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. ఇంగ్లీషులో ఎంత పెద్ద మాటైనా నీళ్లు తాగినట్టు మాట్లాడే మనిషి, తెలుగులోకి వచ్చేసరికి తోటల్లో వాళ్ల నాయనమ్మ మాట్లాడిన భాషే మాట్లాడేవారు. కాకినాడ నుంచి వచ్చిన నాకు ఆ మాటలు వింటే నవ్వొచ్చేది. తర్వాత అవి వినకపోతే తోచేది కాదు.

మేం బిషాన్‌లో ఈ ఫ్లాట్‌లో దిగిన కొత్తల్లో మా ఆయన లిఫ్టులో అంకుల్‌కి తగిలాడు. మా ఆయనది జురాంగ్ ఐలాండ్‌లో, చమురు శుద్ధి చేసే చోట ఉద్యోగం. ప్లాంటులో నిప్పురవ్వ కూడా పనికిరాదు, లైటర్ గేటు దగ్గరే వదిలి లోపలికి వెళ్లాలి. ఆ లోటంతా ఇంటికొచ్చాక తీర్చుకుంటాడు. కింద కార్ పార్కు పక్కన చెత్తకుండీ దగ్గర నిలబడి ఒకదాని వెంట ఒకటి సిగరెట్లు. ఆ వాసనతోనే లిఫ్టు ఎక్కాడు. అంకుల్ ఓసారి గాలి పీల్చి, "బాబూ, నీకు కవల ఉన్నాడేటి?" అని అడిగారట. లేడన్నాడు మా ఆయన. "అయితే నీ సంగతి ఎవులికి తెలుస్తాది?" అని దిగి వెళ్లిపోయారట. మా ఆయన ఇంట్లోకి వస్తూనే, "ఎదురింటి ముసలాయనకి కొంచెం తేడా ఉన్నట్టుంది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

తేడా ఏమీ లేదు. చక్కని మనిషి. ఎండైనా వానైనా చేతిలో గొడుగు. తలుపు తీస్తే చాలు "సుదా మకన్?" అనేవారు, తిన్నావా అని. నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో రిస్క్ లెక్కలు కడతానని తెలిశాక ఆయనకి నాతో కబుర్లు ఎక్కువయ్యాయి. ఎప్పుడూ ఏదో ఒక వంకర మాట. బిషాన్ కట్టకముందు ఇక్కడ పెద్ద శ్మశానం ఉండేది కదా, దాన్ని గురించి అనేవారు: "ఆల్ల సీట్లు మనం సోప్ సేసీసినాం అమ్మా. ఎప్పుడో అడుగుతారు." ఆయన సోప్ అన్నది చోప్, అదేమిటో ఇక్కడివాళ్లకి చెప్పనక్కర్లేదు. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెడితే అది మనదే, ఇంకెవరూ కూర్చోరు.

ఏటా తమ్ముడి తద్దినం నాడు జొహోర్‌లో ఆ అబ్బాయి తండ్రికి పిండం పెట్టేవాడు. అంకుల్ వెళ్లేవారు కాదు. ఆ రోజు ఆయన క్లినిక్కు వెళ్లి ఛాతీ ఎక్స్‌రే తీయించుకునేవారు. మోకాళ్లు మొండికేశాక ఆయన్ని తీసుకెళ్లే పని నాకు వచ్చింది. మొదటిసారి నేను రిజిస్ట్రేషన్ చేయించి వచ్చేసరికి ఆయన పక్క కుర్చీలో టిష్యూ ప్యాకెట్ ఉంది. నాకోసం ఆపారనుకుని కూర్చోబోయాను. ఆయన ప్యాకెట్ తీసి, అటువైపు కుర్చీలో పెట్టుకున్నారు. కాసేపటికి ఒక చైనీస్ ఆంటీ వచ్చి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. "గాట్ పీపుల్. కమింగ్" అన్నారు అంకుల్, మొహం చూడకుండా.

ఎవరూ రాలేదు. మరుసటేడూ అంతే, ఆ మరుసటేడూ అంతే.

ప్రతిసారీ డాక్టరమ్మ ఫిల్ము శుభ్రంగా ఉందనేది. ప్రతిసారీ ఆయన మొహం వాడిపోయేది. నాకు ఒళ్లు మండేది. లీవు పెట్టుకుని తీసుకొస్తే, మంచి మాట విని కూడా ఈ ఏడుపు మొహం ఏమిటని. ముసలితనపు చాదస్తం అనుకుని ఊరుకునేదాన్ని.

ఈ ఏడు డాక్టరమ్మ స్క్రీన్ మీద వేలు పెట్టి ఆగింది. కుడివైపు పైన చిన్న నీడ. "మే బీ నథింగ్, అంకుల్. స్కాన్ ఫస్ట్, ఓకే?" అంది. స్కాన్ ఎప్పుడు, ఎక్కడ అని నేను అడుగుతున్నాను. ఆయన మాత్రం ఆమెకి రెండు చేతులూ జోడించి దండం పెట్టారు.

దారిలో హాకర్ సెంటర్లో కూర్చున్నాం. ఏనాడూ చక్కెర ముట్టని మనిషి ఐస్ కచాంగ్ తెప్పించుకున్నారు. రంగు రంగుల పాకం పోసిన ఆ ఐసుని చంటిపిల్లాడిలా తింటూ నన్ను ఆటపట్టిస్తున్నారు. నాకు కోపం ఆగలేదు. "మీకు మతి ఉందా అంకుల్? క్యాన్సరేమోనని నేను చస్తుంటే మీకు పండగగా ఉందా?" అన్నాను.

"పండగే అమ్మా" అన్నారు. "అదే అయితే, వోడిని నాను సంపనట్టు."

అప్పుడు చెప్పారు. ఐసు కరిగి నీళ్లయ్యేదాకా చెప్పారు.

ఆయన చదువుకునే రోజుల్లో సిగరెట్టు గొడవ ఇంకా తేలలేదట. ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరుగుతోంది. కొందరు డాక్టర్లు రోగుల మంచాల దగ్గరికి వెళ్లి, ఎంత తాగుతారు, ఎన్నాళ్లుగా తాగుతున్నారు అని అడిగి లెక్క కట్టారు. ఆ లెక్క సిగరెట్టు వైపే వేలు చూపించింది. గణాంకాల్లో తలపండిన పెద్దలే కొందరు ఒప్పుకోలేదు. రెండూ కలిసి కనబడితే ఒకటి రెండోదానికి కారణమైపోతుందా అన్నారు. పుట్టుకతో ఒంట్లో ఉన్నదేదో పొగ మీద యావ పుట్టించి, అదే క్యాన్సరూ తెస్తోందేమో అన్నారు. కార్ల పొగ కావచ్చు, రోడ్డు తారు కావచ్చు అన్నారు. సిగరెట్టు అమ్ముకునేవాళ్లకి ఇంకేం కావాలి? ఈ సంగతి సందేహం లేకుండా తేలాలంటే, ఒకే రక్తంతో పుట్టిన కవలలు కావాలి, ఒకడు తాగాలి, ఒకడు తాగకూడదు అని క్లాసులో నవ్వుకునేవారట. అంకుల్ అందరికంటే గట్టిగా నవ్వేవారట. అలాంటి జత ఆయన ఇంట్లోనే ఉంది.

కుర్రతనం. సందేహించేవాడు తెలివైనవాడు అనిపించే వయసు. అంకుల్ ఆ పెద్దల పక్షాన చేరారు.

ఆయన కొత్తగా లెక్చరర్ అయినప్పుడు ఒక సాయంత్రం తమ్ముడు వచ్చాడు. హార్బర్లో అతని స్నేహితుడు నెత్తురు కక్కుకుని పోయాడు. డాక్టరు సిగరెట్టే కారణమన్నాడట. తమ్ముడు భయపడి అప్పటికి కొన్ని వారాలుగా మానేశాడు. "లెక్కలు నీకు తెలుసు గదా, ఇది నిజమేనా?" అని అడిగాడు.

"నాను ఏటి సెప్పాల?" అన్నారు అంకుల్ నాతో. "పెన్సిలు తీసి కేలండరు ఎనకాల బొమ్మలు గీసినాను. ఇది రుజువు కాలేదురా అన్నాను. ఒక్కడు సస్తే ఏటి తేలుతాదిరా అన్నాను. వోడి మొకం ఇలాగ ఇప్పారిపోనాది. జేబులోంచి ఎప్పటిదో రోకో, అదే సిగరెట్టు, తీసినాడు. మానీసినాడు గదా, అగ్గిపెట్టి లేదు వోడికాడ." చెంచా పక్కన పెట్టారు. "అగ్గిపుల్ల నానే గీసినాను."

తర్వాత లెక్కలు పేరుకున్నాయి. సందేహాలన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. ఆ సంగతి అంకుల్‌కి అందరికంటే ముందే తెలిసింది, ఆయన పనే అది కదా. కానీ తమ్ముడి దగ్గరికి వెళ్లి, నేను చెప్పింది తప్పురా అనడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం, పండక్కి చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపేశారు. చివరికి తమ్ముడే చెప్పాడు, దగ్గులో నెత్తురు పడుతోందని.

తమ్ముడు పోయాక అంకుల్‌కి ఆ పాత వాదం ఒక్కటే మిగిలింది. అది రక్తంలోనే ఉన్నదైతే తనకీ రావాలి. వస్తే తన తప్పు లేనట్టు. రాకపోతే ఆ అగ్గిపుల్లే. అందుకే ఏటా ఆ ఎక్స్‌రే. తన చావు కోసం వెళ్లి, బతుకు చేతిలో పెట్టించుకుని వచ్చేవారు. ఆ వాదాన్ని లోకం ఎప్పుడో వదిలేసింది. ఆయన మాత్రం తన ఛాతీలో దాచుకున్నారు.

స్కాన్‌లో ఆ నీడ పాత మచ్చ అని తేలింది. చిన్నప్పుడు తోటల్లో ఎప్పుడో టీబీ తగిలి దానంతటదే మానిపోయిందట. ఇన్నేళ్లూ ఎక్స్‌రేలో ఎముక నీడ చాటున ఉండి కనబడలేదట. యూ ఆర్ వెరీ లక్కీ అంది డాక్టరమ్మ. అంకుల్ థాంక్యూ అని లేచారు. కుర్చీ మీది టిష్యూ ప్యాకెట్ మర్చిపోయారు. నేను తెచ్చి ఇచ్చాను.

బస్సులో ఆయన మొహం చూడలేకపోయాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే, దానితోనే ఓదార్చబోయాను. "లక్షల మందిని చూసి తేల్చిన సంగతి అంకుల్ ఇది. మీ ఇద్దరి మీదా ఏం ఆధారపడి లేదు. మీకు రానంత మాత్రాన ఆయన మీవల్లే పోయారని కాదు. ఒక్క జతతో ఏం తేలుతుంది?"

ఆయన గొడుగు పిడి మీద చేతులు పెట్టుకుని నా వైపు తిరిగారు. కోపం లేదు.

"ఆ మాటే అమ్మా" అన్నారు. "ఆ మాటే నాను వోడితో అన్నాను."

మా స్టేజీ వచ్చేముందు ఆయనే అన్నారు: "అనుమానం తప్పు కాదు. దాన్ని ఎవులి ఊపిరి మీద పెడతన్నామో సూసుకోవాల." ఆఫీసులో ఇప్పుడు ఏ కాగితం మీదైనా "ఆధారాలు చాలవు" అని రాయబోతే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆయన నాకిచ్చి వెళ్లింది అదే. దానికి ఆయనకి నేను రుణపడి ఉన్నాను. ఆయన తప్పు లేదని అనే అధికారం నాకు లేదు. కానీ ఆయనంటే నాకు చాలా ఇష్టం, ఇప్పుడు ఎదురు తలుపు చూస్తే ఏడుపొస్తోంది.

ఆ తర్వాత నెల్లాళ్లు కూడా బతకలేదు. కింద వాయిడ్ డెక్‌లో, మా బిల్డింగు అడుగున ఉండే ఖాళీ హాల్లో, శవపేటికను ఉంచారు. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఆయన పాత విద్యార్థులు, అప్పటికే నెరిసిన తలలు, వచ్చి కూర్చున్నారు. లెక్కల్లో ఆయన పట్టుదల గురించి గొప్పగా చెప్పుకున్నారు. తమ్ముడి కొడుకు మళ్లీ అందరితోనూ లంగ్స్ ఫస్ట్ క్లాస్ అంటూనే ఉన్నాడు. నేను అతనికి ఏమీ చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది, లేకపోతే లేదు.

మా ఆయనకి మాత్రం ఆ రాత్రి అన్నం పెడుతూ అంతా చెప్పాను. ఈమధ్య ఆయనకి ఒక దగ్గు పట్టుకుంది. హేజ్ అన్నాడు, అడవుల పొగ కదా అన్నాడు. హేజ్ పోయాక ఏసీ అన్నాడు. తర్వాత ప్లాంటు గాలి అన్నాడు. అంతా విని, కంచంలోంచి తలెత్తకుండా, "పాపం పెద్దాయన. అయినా ఒక్క జతతో ఏం తేలుతుంది?" అన్నాడు.

ఆ మాట ఆయన చెవికే వినపడింది. కలిపిన ముద్ద అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ, "నీకెప్పుడు సెలవు దొరుకుతుంది?" అని అడిగాడు.

నిన్న వెళ్లాం. అదే క్లినిక్కు, అవే నీలం కుర్చీలు. నేను రిజిస్ట్రేషన్ చేయించి వచ్చేసరికి మా ఆయన గోడ వారగా కూర్చుని ఉన్నాడు. పక్క కుర్చీలో విప్పని టిష్యూ ప్యాకెట్ ఉంది. నాకోసం పెట్టావా అన్నాను. "నాది కాదు. నేనొచ్చేసరికే ఉంది" అన్నాడు. నేను నిలబడ్డాను. హాలు నిండిపోయింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆ ప్యాకెట్ చూసి తప్పుకుంటున్నారు. ఒకావిడ మా ఆయన్ని ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆయన నా వైపు చూసి, తెలియదని తల అడ్డంగా ఊపాడు.

నంబరు పిలిచారు. దగ్గుకుంటూ లోపలికి వెళ్లాడు. ఆయన లేచిన కుర్చీలో నేను కూర్చున్నాను. పక్క కుర్చీకి ఎవరూ రాలేదు. తలుపు వెనక నుంచి ఎక్స్‌రే అబ్బాయి గొంతు వినిపించింది. గట్టిగా గాలి పీల్చండి, అలాగే పట్టుకోండి అన్నాడు. నేనూ పీల్చి పట్టుకున్నాను. వదలండి అనే మాట కోసం ఆ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.