జపాను ఫండులో ఊపిరి డబ్బు

2021 ఫిబ్రవరి 16, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఏజెంటు గదిలో కూర్చుని మూడు లక్షల రూపాయల చెక్కు మీద సంతకం చేశాను. జపాను కంపెనీల షేర్లు కొనే ఒక ఫండు కోసం ఆ చెక్కు. డబ్బు మా ఆయన ఊపిరి కోసం దాచినది. ఆయన మా ఊరి బంగారు గనిలో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. కొన్నేళ్ళలో ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాలని, బెంగళూరు ఆసుపత్రికి వెళ్ళక తప్పదని డాక్టరు ముందే చెప్పాడు. గని మూతపడినప్పుడు వచ్చిన పరిహారంలో మాకు మిగిలింది ఆ మూడు లక్షలే.

జపాను అన్నది ఆయన మాట. ఎనభైలలో గని లోపల, చాలా లోతున, శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగశాల నడిపారు. వాళ్ళలో జపాను నుంచి వచ్చినవాళ్ళూ ఉండేవారు. ప్రతి వస్తువులోనూ ఉండే ఒక అతి చిన్న కణం ఎప్పుడైనా తనంతట తాను చస్తుందేమోనని, ఇనుప గొట్టాలు వరసలుగా పేర్చుకుని ఏళ్ళ తరబడి కాచుకున్నారు. ఆ గొట్టాలను కిందికి దించినవాళ్ళలో మా ఆయన ఒకరు.

"ఇంతకీ చచ్చిందా అది?" అని ఏజెంటు అడిగాడు.

"యాడ చచ్చింది? అయినా వాళ్ళు విసుక్కోలేదప్పా. అంత ఓపికుండే మనుషుల కంపెనీలు యాడికి పోతాయి?" అన్నారు నా పక్కన కూర్చున్న మా ఆయన.

ఏజెంటు ఫోనులో జపాను షేర్ల మార్కెట్టు పదేళ్ళ గీత చూపించాడు. అది పైకే పోతోంది. ఇంకా వెనక్కి, ముప్పై ఏళ్ళు దాటేదాకా చూపించమన్నాను. మొహం చిట్లించుకుని చూపించాడు. 1989 చివర ఆ దేశపు సూచీ ఎంత ఎత్తు ఎక్కిందో, ముప్పై ఒక్క ఏళ్ళు గడిచినా మళ్ళీ అంత ఎత్తుకు చేరలేదు. 2012లో పెట్టినవాడికి మాత్రం దాదాపు మూడింతలైంది. దేశం అదే, మార్కెట్టు అదే, పెట్టిన రోజు వేరు. మేము పెట్టే రోజు ఈ రెంటిలో దేని పక్కన నిలుస్తుందో చెప్పేవాళ్ళు లేరు.

"ముప్పై ఏండ్ల కత ఇప్పుడెవురికి కావాలమ్మా? నువ్వేమన్నా లెక్కల టీచరా?"

"ఆసుపత్రి మందుల స్టోరులో పనిచేసినదాన్నప్పా. తేదీ చూడకుండా సీసా ముట్టను."

మా ఆయన నవ్వి, నవ్వు దగ్గయ్యి, తేరుకుని అన్నారు: "సంతకం పెట్టుమ్మే. నువ్వు తేదీలు చూస్తా కూచుంటే ఈడ నేను ఎక్స్‌పైరీ అయితాను."

పెట్టాను.

ఆ తరవాత ప్రతి సోమవారం పొద్దున నోటుబుక్కులో రెండు అంకెలు రాసేదాన్ని. ఎడమ పక్క ఫండు విలువ. కుడి పక్క మా ఆయన వేలికి క్లిప్పు తగిలించి చూసిన ఆక్సిజన్. మొదటి సోమవారం కుడి పక్క 95 ఉంది. ఏడాది తిరిగేసరికి ఎడమ పక్క రెండున్నర లక్షలకు, కుడి పక్క 91కి దిగాయి. ఈ రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు. కానీ ఒక సోమవారం ఫండు ఆరు వేలు పెరిగింది, అదే పొద్దున ఆక్సిజన్ ఒక అంకె పెరిగింది. నన్ను చెడగొట్టింది ఆ సోమవారమే. అప్పటి నుంచి ఎడమ అంకె తగ్గిన రోజు వంటపని అంతా ముగించాకే ఆయన వేలికి క్లిప్పు తగిలించేదాన్ని.

మా ఆయన గనిలో టింబర్‌మ్యాన్. పైన రాయి కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. రాయి కూలే ముందు ఆ కట్టె మూలుగుతుందని చెప్పేవారు. 2022 అక్టోబరు 12న, ఆయాసం ఎక్కువై సోమవారం కాకపోయినా క్లిప్పు పెడితే ఆక్సిజన్ 85 చూపించిన రోజు, ఊరికే అడిగినట్టు అడిగాను.

"ఏమయ్యా, కట్టె మూలిగితే మీరేం చేసేవాళ్ళు?"

"చేసేదేముండాది? పనిముట్లు యాడివి ఆడ వదిలేసి బయటికి పరిగెత్తేది. ఏరుకుంటా నిలబడినోడు ఇంగ రాడు."

మర్నాడు, గురువారం, ఆయనకు చెప్పకుండా ఆటోలో ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. అంతా తీసేయమన్నాను.

"ఇప్పుడు తీస్తే నష్టం ఖాయమమ్మా. కాచుకో."

"ఎన్నేండ్లు?"

"అది ఎవురు చెప్తారమ్మా?"

నాకు కట్టె మూలిగినట్టే వినిపించింది. పది గంటల నలభై నిమిషాలకు సంతకం చేశాను.

పందొమ్మిది రోజులు దాచాను. మధ్యలో వచ్చిన సోమవారాల్లో ఆయన అడిగారు: "జపాను యాడుండాది?" "ఆడనే ఉండాది," అన్నాను. నవంబరు 1న బ్యాంకు పాసుబుక్కు ఆయన చేతికి చిక్కింది. జమ అయిన అంకె మీద వేలు పెట్టారు.

"కట్టె మూలిగితే నెత్తిన రాయి పడతాదని పరిగెత్తేదిమ్మే. జపాను రాయి నీ నెత్తిన యాడ పడతాది?"

"నీ నెత్తిన పడతాదని భయపడినాను."

ఆయన క్లిప్పు తీసి తనే వేలికి తగిలించుకున్నారు. 84.

"అది అమ్మేసినా ఇది ఎక్కలేదే," అన్నారు.

ఆక్సిజన్ మిషనుకు నలభై ఆరు వేలు అయింది. బెంగళూరు ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళాం, లక్షా ముప్పై ఎనిమిది వేలు. మూడోసారి చేర్చుకోవాలంటే డెబ్బై వేలు ముందు కట్టమన్నారు. చేతిలో ముప్పై వేల ఆరు వందలు ఉన్నాయి. అప్పు తెస్తానన్నాను. ఆయన వద్దన్నారు, నన్ను ఆటో కూడా పిలవనివ్వలేదు. "నీకు అప్పు మిగిల్చి యాడికి పోయేది?" అన్నారు. 2023 ఆగస్టు 9, బుధవారం, సాయంత్రం నాలుగూ పదికి పోయారు. మూడోసారి వెళ్ళినా ఫలితం ఉండేది కాదని డాక్టరు అన్నాడు. దాన్ని నమ్మాలంటే నాకు భయం, నమ్మకూడదనుకున్నా భయమే.

2024 ఫిబ్రవరి 22న జపాను సూచీ 1989 నాటి ఎత్తును దాటింది. ముప్పై నాలుగేళ్ళు పట్టింది. ఫండులో నాకున్న పదహారు వేల యూనిట్లు అమ్మకుండా ఉంటే ఆ రోజుకు ఎంతయ్యేవో లెక్క కట్టాను. రెండు లక్షల తొంభై ఒక్క వేల రెండు వందలు. ఈలోగా జపాను డబ్బు రూపాయి ముందు దిగిపోయింది కనక, అప్పటికీ మేము పెట్టినంత కాదు.

పెట్టినది 3,00,000 రూపాయలు. 604 రోజులకు తీసినది 2,14,600. పోయినది 85,400. అబద్ధం చెప్పిన సోమవారాలు మూడు. వెళ్ళకుండా ఆగిన ఆసుపత్రి ప్రయాణం ఒకటి. పోయిన మనిషి ఒకరు.