పేరు లేని జాలరి

నా చిన్నప్పుడు, తొంభైల్లో, విశాఖ హార్బరు పక్కన జాలరుల పేటలో ఉండేవాళ్ళం. మా మామ్మ పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. ఆ సంగతి నేను బళ్ళో ఎవరికీ చెప్పేదాన్ని కాదు. పక్కింటి అక్క యూనివర్సిటీలో ఎమ్మే తెలుగు చదువుతూ, సాయంత్రాలు అరుగు మీద నాకు పాఠాలు చెప్పేది.

మా తెలుగు వాచకంలో ఒక కథ ఉండేది. తుఫానులో ఓడ మునిగితే ఒక వర్తకుడు ప్రాణాలతో బయటపడి, ఆ కృతజ్ఞతతో సత్రం కట్టిస్తాడు. 'ఈ కథలో గొప్పవాడెవరు?' అన్న ప్రశ్నకు వర్తకుడేనని పేజీ నిండా రాసి అక్కకు చూపించాను. అక్క బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. అప్పుడే తట్ట దించి కాళ్ళు చాపుకున్న మామ్మకు ఆ పాఠం చదివి వినిపించమంది.

చదివాను. ఒడ్డునున్న జాలరులు అతన్ని రక్షించారన్న వాక్యం దగ్గర మామ్మ ఆపింది.

"ఎవులే ఆలు? పేర్లేటి?"

"పేర్లు లేవు మామ్మా. అంతే రాశారు."

మామ్మ మెల్లగా అంది. "మీ తాతా అలాగే ఎల్లాడే గుంటా. ఎవులిదో పడవ తిరగబడిపోనాదని ఎల్లాడు. ఇద్దర్ని ఒడ్డుకి తెచ్చాడు. మూడోవోడి కోసం ఎల్లి మరి రానేదు."

తాతయ్య సముద్రంలో పోయాడని తెలుసు గాని, ఎందుకు వెళ్ళాడో ఆ రోజే తెలిసింది.

అక్క నా వైపు తిరిగింది. "కథ ఎవరు రాసారు, ఎవర్ని వదిలేసారు అని మా క్లాసులో ఇప్పుడు ఇదే గొడవ. నాను పుస్తకాల్లో సదూతన్నాను. మీ మామ్మకి ముందే తెలుసు."

ఆ రాత్రికి జవాబు మార్చి రాశాను. పాఠంలో లేనిది రాశానని మాస్టారు సగం మార్కులే వేశారు. అయినా లేచి పైకి చదవమన్నారు. తాతయ్య పేరు చదివాను. మా మామ్మ చేపలమ్ముతుందనీ చదివాను. ఎవరూ నవ్వలేదు.

ఇంటికొచ్చాక, అక్షరం ముక్క రాని మామ్మ నోటుబుక్కు చేతిలోకి తీసుకుని "మీ తాత పేరెక్కడుందే?" అనడిగింది. చూపించాను. దాని మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది.

తర్వాత నేనూ తెలుగే చదివాను. నా కళ్ళ ముందే ఎన్నో సిద్ధాంతాలు వచ్చాయి, కొన్ని పాతబడ్డాయి కూడా. ఇప్పటికీ ఏ కథ చదివినా, ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయే మనుషుల దగ్గర ఆగిపోతాను. వాళ్ళను దాటి ముందుకు చదవడం నాకు చేతకాదు.