ఇప్పుడు పలుకుతలేదు అని రాయి

మా సార్ పోయారు. నాకు పరిశోధన నేర్పిన గురువు. నాచారంలో పుట్టి పెరిగి, ఉప్పల్ వైపు ఒక ప్రయోగశాలలో నాడీకణాల మీద జీవితమంతా పనిచేసిన మనిషి. తిన్న ముద్ద ఊపిరితిత్తుల్లోకి జారింది, అది న్యుమోనియా అయింది, ఆసుపత్రిలో చేరిన వారంలోపే ప్రాణం పోయింది. కబురు మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద జోడించిన చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి మధ్య ఒకతను ఇలా రాశాడు: "గొప్ప సైంటిస్టు. చివర్ల మనిషే మారిపోయిండు. అది మర్చిపోదాం."

ఆ మాటకు చాలామంది సరేనన్నారు. అందుకే ఇది రాయవలసి వస్తోంది. మనిషి మారిపోవడమనే ఆ సంగతికి వైద్యంలో ఒక పేరుంది. అది మెదడులో ఎక్కడ మొదలవుతుందో, ఏ కణాలను ముందు తీసుకుపోతుందో కొంతవరకు తెలుసు. మర్చిపోదాం అనుకోవడం మాకు సులువే. సార్ భార్యకు అది సాధ్యం కావడం లేదు. ఆయన అన్న ఒక మాట జబ్బు అన్నదా, ఆయన అన్నదా అన్న ప్రశ్న ఆమెకు మిగిలిపోయింది. జవాబు నాలాంటి వాళ్ల దగ్గర ఉంటుందని ఆమె నమ్మకం.

ముందు ఆయన ఎలా ఉండేవారో చెప్పాలి.

మా ప్రయోగశాలలో ఒక ఆనవాయితీ ఉండేది. మైక్రోస్కోపు కింద పెట్టబోయే ప్రతి గాజు స్లైడు మీదా అందులోని మెదడు ముక్క జబ్బుదో, ఆరోగ్యంగా ఉన్నదో రాసి ఉంటుంది. చూసే ముందు ఆ రాతను తెల్ల ప్లాస్టరుతో కప్పేయాలి. కప్పేది చూసేవాళ్లు కాదు, పక్క గదిలో వేరే పనిమీద ఉన్నవాళ్లు. లెక్క పూర్తయ్యాకే ప్లాస్టరు ఊడదీయాలి. ఇది చాలా చోట్ల ఉన్న పద్ధతే. కానీ సార్ దీన్ని మడి కట్టుకున్నంత నిష్ఠగా పాటించేవారు. "పేరు సూసినంక కన్ను తనకు కావల్సిందే సూస్తది" అనేవారు. చెప్పులు బయట విడిచి, మైక్రోస్కోపు ఉన్న చీకటి గదిలోకి వెళ్లి కూర్చుంటే మళ్లీ మధ్యాహ్నం క్యారియర్ వచ్చేదాకా లేచేవారు కాదు.

ఒకసారి చాయ్ మీద గొడవైంది. నాచారం చౌరస్తా చాయ్ ముందు మన క్యాంటీన్ చాయ్ కుడితినీళ్లని ఒక విద్యార్థి అన్నాడు. సార్ అతన్ని సమర్థించారు, సార్ వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి ఆ చౌరస్తా చాయే తాగేవాడు మరి. అయితే పరీక్ష పెడదామన్నారు. మర్నాడు ఇంటి నుంచి ఒకేరకం స్టీలు గ్లాసులు తెచ్చి, అడుగున గుర్తులు రాయించి, ప్లాస్టరు అంటించి, రెండు చాయ్‌లూ పోయించారు. ఆ విద్యార్థి క్యాంటీన్ చాయ్‌ని ఆకాశానికెత్తాడు. సార్ కూడా దానికే ఓటేశారు. ప్లాస్టరు ఊడదీశాక కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వారు. "మా నాయిన తాగిన చాయ్‌నే గుర్తువట్టలే. ఇదేం నాలుకయ్యా."

అప్పుడే సార్ భార్య క్యారియర్ తీసుకుని వచ్చారు. ఆమె ఉప్పల్‌లో ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు. ఆ రోజు బడికి సెలవు. అయితే రేపు అమ్మగారి చేపల పులుసుకూ, మెస్సు పులుసుకూ పరీక్ష పెడదామని ఎవరో అన్నారు. సార్ చెయ్యి అడ్డంగా ఊపారు. "దానికి నన్ను పిలవకున్రి. ఈమె వంట కాడ నేను పక్షపాతిని. మీరు పేరు కప్పినా నేను వాసన పట్టి ఓటేస్త." అందరం నవ్వాం. ఆమె కొంగు సర్దుకుంటూ, క్యారియర్ మూత గట్టిగా బిగించి, అటువైపు తిరిగి నిలబడ్డారు.

ఆయన చెప్పిన ఇంకో మాట ఈ కథకు అవసరం. మేము గాజు గిన్నెల్లో నాడీకణాలు పెంచి, వాటికి ఒక రంగు పట్టించి, చిన్నగా విద్యుత్తు తాకించేవాళ్లం. కణం స్పందిస్తే కాల్షియం లోపలికి ప్రవహిస్తుంది, ఆ రంగు వెలుగుతుంది. వెలగని కణం గురించి నేను మొదట్లో ‘స్పందన లేని కణం’ అని రాశాను. సార్ దాన్ని కొట్టేసి నన్ను పిలిచారు. "ఇప్పుడు పలుకుతలేదు అని రాయి. ఎన్నడూ పలకలేదని నీకెట్ల తెలుసు? నువ్వు సూడక ముందు ఎన్నిసార్లు పలికిందో." ఆ వారంలోనే కణాలన్నీ చచ్చిపోయాయి. నేను మొహం వేలాడేసుకుని నిలబడితే, "చచ్చినయా? మంచిగైంది. ఇగ ఇంటికి వోయి అన్నం తిను" అన్నారు.

ఆయన జీవితమంతా వెంటాడిన ప్రశ్న ఒక ప్రోటీన్ గురించి. దాని స్థానం కణం నడిమధ్య ఉండే కేంద్రకం. జన్యువుల నుంచి వచ్చే సమాచారాన్ని సరిగ్గా కత్తిరించి అతికే పనిలో అది చెయ్యి వేస్తుంది. కొన్ని జబ్బుల్లో ఆ ప్రోటీన్ కేంద్రకాన్ని ఖాళీచేసి, బయట గడ్డకట్టి పడి ఉంటుంది. కణం మెల్లగా చస్తుంది. సార్ దీన్ని ఫ్యాక్టరీ భాషలో చెప్పేవారు. సూపర్‌వైజర్ షెడ్డు వదిలేసి వచ్చి గేటుకు అడ్డంగా పడుకున్నాడనుకోండి. లోపల మిషన్లను చూసేవాడు లేడు. బయట లారీలకు దారి లేదు. కంపెనీ మునిగింది. వాడు లోపల లేకపోవడం వల్ల మునిగిందా, బయట పడి ఉండటం వల్ల మునిగిందా? ఇది ఇంకా తేలలేదు. బహుశా రెండూ. ఎంతెంత అన్నది తెలియదు.

ఆ ప్రోటీనే ఆయన మెదడులోనూ కేంద్రకాలు ఖాళీ చేస్తోందని మాలో ఎవరికీ తట్టలేదు.

మార్పు మెల్లగా వచ్చింది. ఒక విద్యార్థి ఉదయాన్నే వచ్చి, "సార్, అమ్మ పోయింది" అన్నాడు. సార్ తల ఎత్తి, "అయితే ఇయ్యాల స్లైడ్లు ఎవరు చేస్తరు?" అని అడిగారు. కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుగా. గ్రూపులో ‘మర్చిపోదాం’ అని రాసింది అతనే. అతన్ని నేను తప్పుపట్టను. అలాంటి ప్రశ్న విన్న మనిషి ఇంకేం రాస్తాడు?

తర్వాత సమావేశాల మధ్యలో గోళ్లు కత్తిరించుకోవడం, చర్చిలో సమాధి ప్రార్థన జరుగుతుంటే గట్టిగా నవ్వడం. సంఘపెద్దలు ఇకమీద వెనుక బెంచీలో కూర్చోమన్నారు. రిటైర్ అయ్యే ముందు పొగరు పెరిగిందని ప్రయోగశాలలో అన్నారు. ఒకరిద్దరికి అనుమానం వచ్చి జ్ఞాపకశక్తి పరీక్షలు చేయించారు. అన్నిటిలోనూ మంచి మార్కులు వచ్చాయి. ఏ రసాయనం ఏ అరలో ఉందో, ఏ విద్యార్థి ఏ ఏడాది చేరాడో ఆయనకు గుర్తే. జ్ఞాపకం బాగుంది కాబట్టి మెదడు బాగుందన్నారు, మెదడు బాగుంది కాబట్టి మనిషే చెడ్డవాడయ్యాడన్నారు. రోజూ జబ్బు మెదళ్లను ముక్కలు కోసి చూసే చోట ఈ లెక్క కట్టారు. అక్కడ ఆయన మీద పేరు అంటించేశారు, ఇక ఎవరి కన్ను ఏం చూస్తుంది?

సార్ భార్య పదవీ విరమణ సభ బడి ఆవరణలోనే జరిగింది. షామియానా వేశారు. ఆమె మెడలో బంతిపూల దండ. హెడ్మాస్టరు సార్‌ని రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. సార్ ఆమె వైపు కాసేపు చూశారు. ఆ తర్వాత, ఫలితం చదివి వినిపించినంత స్థిమితంగా అన్నారు:

"ఈమె అంటే నాకు ఎన్నడూ ఇష్టం లేకుండె. వంట మంచిగ చేస్తది. గంతే."

షామియానా అంతా నవ్వింది. సార్ మస్తు జోకులేస్తరని వెనుక ఎవరో అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. సార్ వచ్చి కూర్చుని, ఆమె కోసం పెట్టిన మిఠాయి డబ్బా విప్పి, ఒకదాని తర్వాత ఒకటి తినడం మొదలుపెట్టారు. ఆమె కూడా నవ్వారు. అందరూ నవ్వుతుంటే ఇంకేం చేయగలరు? దండ కదులుతూనే ఉంది, నవ్వు ఆగాక కూడా.

జబ్బు పేరు తెలిసింది ఆ తర్వాతే, అది కూడా ఒక దెబ్బ వల్ల. తీపి మీద యావ పెరిగి, సార్ ఉప్పల్ రింగురోడ్డు దగ్గర జిలేబీ బండి మీంచి చేత్తో తీసుకుని తినేశారు. బండివాడు చెంప మీద కొట్టాడు. సార్ రెండో చేత్తో ఇంకొకటి తీసుకున్నారు. ఎవరో వీడియో తీశారు, అది కాలనీ గ్రూపుల్లో తిరిగింది. దాన్ని చూసిన, సార్‌ని ఎరిగిన ఒక న్యూరాలజిస్టు మా ప్రయోగశాలకు ఫోన్ చేశారు. దెబ్బ తిన్న మొహంలో సిగ్గు గానీ కోపం గానీ లేకపోవడం ఆమె గమనించారు. స్కాన్‌లో నుదుటి వెనుక భాగం, కణతల లోపలి భాగం కుంచించుకుపోయి కనిపించాయి. ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా. ఈ జబ్బులో కొందరికి జ్ఞాపకం కన్నా ముందు దయ పోతుంది, సిగ్గు పోతుంది, ఎదుటివాళ్ల నొప్పి తెలియడం పోతుంది. అక్కడ కదురు ఆకారంలో ఉండే పెద్ద కణాలు కొన్ని ఉంటాయి. తొలిగా రాలేవాటిలో అవి ఉంటాయి. ఈ జబ్బును ఆపే మందు లేదు.

ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆయన మాటలు తగ్గాయి. చివరికి పోయాయి. ఆమె ఆయనకు తినిపించారు, కడిగారు. ఆయన ముద్ద మీద ముద్ద నోట్లో కుక్కుకుంటుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. ఆపినప్పుడల్లా ఆయన ఆమె చేతిని గిల్లేవారు. ఆమె ముంజేతులు ఎప్పుడూ నల్లగా కమిలి ఉండేవి.

మెదడును పరిశోధనకు ఇవ్వాలని సార్ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే చెప్పి ఉంచారు. చనిపోయిన రోజు ఆమె అన్న అడ్డుపడ్డాడు. మట్టిలో పెట్టేటప్పుడు మనిషి మొత్తం ఉండాలని అతని పట్టు. ఆమె గోడకు ఆనుకుని కూర్చునే, గొంతు పెంచకుండా చెప్పారు. "ఆఖర్ల మొత్తం యాడున్నడన్నా. ఉన్నది ఇచ్చేద్దాం."

కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. పరీక్షించిన డాక్టరు, సార్ స్లైడ్లను ఆరోగ్యంగా ఉన్నవాళ్ల స్లైడ్లతో కలిపించి, పేర్లు కప్పించే చూశానని నాతో అన్నారు. అది సార్‌కు నచ్చి ఉండేది. కేంద్రకాలు ఖాళీ. బయట గడ్డలు. సార్ పేరు పెట్టి తిట్టుకుంటూ వెతికిన ఆ ప్రోటీనే.

ఆ సంగతి చెప్పడానికి నాచారంలో వాళ్లింటికి వెళ్లాను. ఆమె చివరిదాకా విన్నారు. తర్వాత అడిగారు. "గా దినం స్కూల్ల మైకు పట్టుకొని అన్నది గూడ రోగమేనా బిడ్డా?"

మెదడులో మాటకు అడ్డుపడే భాగం దెబ్బతిందని చెప్పాను. ఆమె లెక్కల టీచరు, వదలలేదు. "అంటే బ్రేకు పోయింది. బ్రేకు పోతే లోపల ఉన్నదే కదా బయటికొచ్చేది."

చేపల పులుసు రోజు గుర్తుచేశాను. తానే పక్షపాతినని ఒప్పుకున్నారు కదమ్మా అన్నాను.

"అప్పుడు బ్రేకు మంచిగుండె. నలుగుర్ల పెండ్లాన్ని తక్కువ జేస్తడా."

 నాకు తోచింది చెప్పాను. జబ్బు బ్రేకును మాత్రమే తినదమ్మా, ఇష్టం తెలియజేసే కణాలను కూడా తింటుంది. ఆ రోజు సార్ లోపలికి చూసుకుని ఉంటారు, అక్కడ ఏమీ వెలగలేదు. ఇప్పుడు పలుకుతలేదు అని చెప్పాల్సింది, ఎన్నడూ పలకలేదని చెప్పారు. మాకు నేర్పిన నియమమే తప్పారు.

ఆమె నా మొహంలోకి చూశారు. "గిది పుస్తకాల్ల ఉన్నదా, నువ్వంటున్నవా?"

"నేనే అంటున్నానమ్మా."

"సరే," అని లేచి వెళ్లి చాయ్ తెచ్చారు. స్టీలు గ్లాసు. తాగి పక్కన పెట్టబోతే అడుగున వేలికి ఏదో తగిలింది. ఆనాటి చాయ్ పరీక్షలో ఎవరూ ఊడదీయని ప్లాస్టరు ముక్కేమో, తోమి తోమి అంచులు అరిగి, ఊడకుండా ఉంది. దాని కింద ఏ గుర్తు రాసి ఉందో కనిపించదు. నేను దాన్ని కదిలించకుండా గ్లాసు ఆమెకిచ్చేశాను.

సార్‌కు ఏ జబ్బు వచ్చిందో ఇప్పుడు తెలుసు. ఆ ప్రోటీన్ లోపల లేకపోవడం కణాన్ని చంపిందో, బయట గడ్డకట్టడం చంపిందో తెలియదు. షామియానా కింద ఆయన అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు. తెలుసుకునే పరీక్ష ఏదీ లేదు.