మూల మీద నేను లేని పూట

నేను చేసిన బుద్ధితక్కువ పనేమిటో ముందే చెప్పేస్తాను. ఆలస్యమైతే దాన్ని కాస్త గౌరవంగా చెప్పుకునే ఉపాయం వెతుక్కుంటాను. నా బిడ్డ సైకిల్ రేసులో మా కోరుట్ల మీదుగా పోతుంటే నేను చూడలేదు. ఊళ్లో లేక కాదు. రోడ్డుకు పది అడుగుల దూరంలో వేదిక మీద కూర్చునే ఉన్నాను. సరిగ్గా అప్పుడే నాకు శాలువా కప్పుతున్నారు, ఆమె తండ్రినైనందుకు.

నాది సైకిళ్ల దుకాణం. ఒకప్పుడు గంటల లెక్కన కిరాయికి ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు మోటారు బండ్లకు పంక్చర్లు వేస్తున్నాను. ఇన్నేళ్లుగా ఊరందరి టైర్లకూ గాలి కొట్టాను. నాకెవరైనా గాలి కొడితే మాత్రం ఏ టైరూ ఉబ్బనంతగా ఉబ్బిపోతాను. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, నాకే కొంచెం ఆలస్యంగా తెలిసింది.

సీటు అందని వయసులో, కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, ఆ కిరాయి సైకిళ్ల మీదే బిడ్డ తొక్కడం నేర్చుకుంది. జిల్లా అయింది, రాష్ట్రం అయింది, చివరికి జీతమిచ్చి తొక్కించుకునే జట్టు దొరికింది. ఆ జట్టు తొక్కేది రోజుకో ఊరి నుంచి ఇంకో ఊరికి, వారం పది రోజులు సాగే దేశవాళీ రేసు. మొదట్లో దాన్ని చూసి జనం "ఏ పార్టీ ర్యాలీ?" అని అడిగేవారు. తర్వాత తర్వాత టీవీల వాళ్లు వచ్చారు, బయటి దేశాల జట్లు వచ్చాయి. రానిది నేనొక్కణ్ణే. ఎక్కడ పోటీ జరిగినా, దుకాణం మూసి ఎట్లా పోతాననేవాణ్ణి. పేపర్లో చూసుకుని సంతోషించేవాణ్ణి.

నేను చెప్పే ఏడు, అందులో ఒక రోజు పోటీ జగిత్యాలలో మొదలై, కోరుట్ల మీదుగా, వేములవాడ దాటి సిరిసిల్లలో ముగుస్తుందన్నారు. బిడ్డ ఫోన్ చేసింది.

"బాపూ, నువ్వు రాకుంటే నేనే వస్తున్న నీ దగ్గరికి. వేములవాడ తొవ్వ మలిగే మూల మీద నిలవడు చాలు. ఆడ మేం జర మెల్లగైతం, కనవడుతవ్."

"గంతేనా బిడ్డా?"

"గంతే. తొక్కుకుంట తొక్కుకుంట నిన్నొక్కసారన్న చూడాలె నేను."

ఆ రోజు తొమ్మిదింటికే ఇస్త్రీ అంగీ వేసుకుని బయలుదేరాను. చౌరస్తాలో మా వార్డు లీడరు షామియానా వేయించి, మైకు పట్టుకుని ఉన్నాడు. మూల ఇంకా కొంచెం ముందుకు ఉంది. నన్ను చూడగానే మైకులోనే పిలిచాడు.

"అన్నా! ఛాంపియన్ బాపువు, పోయి మూలకు నిలవడుతవా? మా ఇజ్జత్ ఏం గావాలె? పైకి రా!"

"బిడ్డకు మాటిచ్చిన తమ్మీ."

"ఇచ్చినవ్ తియ్యే. పదింటికొస్తనన్న మంత్రే కార్ల ఒంటిగంటకొస్తడు. రేసోళ్లు జగిత్యాల నుంచి కాళ్లతోని తొక్కుకుంట రావాలె. చానా టైమున్నది."

ఆ మాట నాకు సబబుగా తోచింది. మొదటి వరసలో ఖాళీ కుర్చీ కనిపించడంతో మరీ సబబుగా తోచింది.

ఒకరు మాట్లాడారు, ఇంకొకరు మాట్లాడారు. నా గురించి నాకే తెలియని సంగతులు చాలా విన్నాను. శాలువా తెచ్చారు. ఫొటోల వాళ్లు రోడ్డుకు వీపు పెట్టి మా ముందు గోడ కట్టారు. ఎక్కడో సైరన్ మోగింది, పోలీసుల ఈలలు వినిపించాయి. లేవబోయాను. "ఒక్క నిమిషం అన్నా, కెమెరా దిక్కు చూడు" అన్నాడు లీడరు. చూశాను. గాలిని ఒక్కపెట్టున చింపినట్టు ఏదో చప్పుడు పోయింది. ఫొటోగ్రాఫర్లను తోసుకుని రోడ్డెక్కేసరికి, నెత్తిన అదనపు సైకిళ్లు కట్టుకున్న జట్ల కార్లు, వాటి వెనక అంబులెన్సు కనిపించాయి. రేసు నిమిషం తప్పకుండా వచ్చి, నిమిషం ఆగకుండా పోయింది.

తొవ్వ తెరిచాక బస్సెక్కి సిరిసిల్ల చేరాను. జట్టు వ్యాను పక్కన, మోకాలికి ఐసు ముక్కలు కట్టుకుని కూర్చుంది బిడ్డ.

"బాపూ, మూల మీద కనవడలే?"

నిజం గొంతు దాకా వచ్చింది. నోట్లోంచి మాత్రం ఇంకొకటి వచ్చింది. "ఉన్న బిడ్డా. గంత స్పీడుల పోతే నేనెట్ల కనవడుత?"

నవ్వింది. "నీ కోసమని తల లేపి చూసిన. గంతల నలుగురు ముందటికి ఉరికిన్రు. మల్ల అందుకోలే." తప్పు తనదే అన్నట్టు చెప్పింది. "ఏమైతది తియ్. నువ్వైతే చూసినవ్ గదా."

తలూపాను.

మర్నాడు జిల్లా పేపర్లో నా ఫొటో పడింది. శాలువాతో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. పక్కన లీడరు. కింద, ఎక్కడ, ఎప్పుడు అన్నీ రాశారు, రేసు పోతుండగా చౌరస్తా వేదిక మీద అని. సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఫొటో మంచిగొచ్చింది బాపూ. గా రంగు నీకు బాగున్నది."

అంతే.  తిట్టి ఉంటే బదులు చెప్పుకునేవాణ్ణి. తిన్నవా, బీపీ గోలి ఏసుకున్నవా అని అడిగి పెట్టేసింది.

ఆ ఏడాది చివరికి ఆమె రేసులు మానేసింది. క్రీడాకారుల కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది, సికింద్రాబాదులో ఉంటోంది. మోకాలు సహకరించలేదంటుంది. ఎవరడిగినా నేనూ మోకాలనే చెబుతాను. మోకాలు ఎదురు మాట్లాడదు కదా. పండక్కి వచ్చినప్పుడు దుకాణంలో కూర్చుని అన్నీ మాట్లాడుతుంది, సైకిళ్ల సంగతి తప్ప.

మొన్న రేసు మళ్లీ మా తొవ్వన వచ్చింది. ఈసారి ఇంకా పెద్దది. ముందు రోజు లీడరు ఫోన్ చేశాడు.

"అన్నా, హైదరాబాద్ నుంచి పెద్ద సారొస్తున్నడు, జెండా ఊపాలె. రేసోళ్లు ఎన్ని గంటలకొస్తరో నీకే ఎరుక."

నాకు ఎరుకే. పదీ నలభైకి వస్తారని నిర్వాహకులను అడిగి రాసి పెట్టుకున్నాను.

"పదకొండున్నర, తమ్మీ. నిమ్మళంగ రాండ్రి."

లీడరు, అతని మనుషులు పెద్ద సారుకు ఎదురుపోయి ఉండగానే, పదీ నలభైకి ఎవరెవరి బిడ్డలో, ఆ మూల మీద నిలబడ్డ నా ముందు నుంచి పోయారు. ఒక్కరూ తల లేపి చూడలేదు. చూడాల్సిన పని వాళ్లకేముంది? చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టాను.

పదకొండుంబావుకు పెద్ద సారు దిగాడు. డప్పులు మోగాయి. రోడ్డు మీద ఒక ఆటో, రెండు బర్రెలు తప్ప ఏమీ లేవు. లీడరు చెమటలు కక్కుతూ నా దగ్గరికి ఉరికొచ్చాడు.

"అన్నా, ఏరీ?"

"వేములవాడ దిక్కు సగం తొవ్వ పోయుంటరు తమ్మీ. చాయ్ తాగుతవా?"