పక్కింటావిడ ఈల

పరాయి దేశంలో, పాయా లేబర్ అనే పేటలో, మా పక్క ఫ్లాట్‌లో ఉండిన ఇటలీ ఆవిడ పేరు నా డైరీల్లో ఎక్కడా లేదు. "పక్కింటావిడ" అనే రాసుకున్నాను. పేరు రాయడానికి మనసొప్పలేదు.

ఏటా క్రిస్మస్ ముందు ఆవిడ తన ఊరి పిండివంట చేసేది. చిన్న పిండిముద్దను గీతల చెక్క మీద బొటనవేలితో నొక్కి చుట్టి, నూనెలో వేయించి, తేనెలో ముంచేది. అచ్చం మన గవ్వలే. ఒక్కొక్కటి చుట్టగానే సన్నగా ఈల వేసేది. వంటింట్లో ఈలేమిటని నాకు ఒళ్లు మండేది.

నా గవ్వల చెక్క దగ్గర ఒక్కనాడూ కూర్చోని మనవరాలు ఆవిడ పక్కన స్టూలేసుకుని కూర్చునేది.

"అమ్మమ్మా, నీవి టూ హార్డ్ లా. ఆంటీవి సాఫ్ట్," అనేది ఇక్కడి యాసలో.

"గవ్వంటే కరకరలాడాలి తల్లీ."

"ఆంటీని అడగనా?"

ఒకసారి ఆవిడే వచ్చి నా చెక్క మీద నాలుగు గవ్వలు చుట్టింది. గీతలు నావాటికన్నా తీరుగా పడ్డాయి. అవి ముందుగా నూనెలో వేసేశాను.

తర్వాత ఆవిడ తన దేశం వెళ్లిపోయింది. ప్రాణానికి హాయిగా అనిపించింది.

ఈ దీపావళికి మనవరాలు పిలవకుండానే వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఇన్నేళ్లూ కోరుకున్నదదే. చెక్క దగ్గరకు లాక్కుని మొదటి గవ్వ చుట్టి, పళ్లెంలో వేసి, సన్నగా ఈల వేసింది.