మూర్తి మాస్టారు నమ్మని అంకె

మూర్తి మాస్టారు ఇక లేరన్న వార్త ఏలూరు బస్సులో ఉండగా ఫోనులో విన్నాను. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. అది ఇంకా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

తాడేపల్లిగూడెంలో మాకు ఎలక్ట్రానిక్స్ బోధించిన గురువర్యులు ఆయన. వైర్‌లెస్ పరికరంలోని రేడియో చిప్, తనకు అందే సిగ్నల్ ఎంత బలంగా ఉందో ఒక అంకెగా చూపిస్తుంది. ఆ అంకెతో ఆయనకు ఆజన్మ వైరం. "పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకుంటే మార్కులకేం తక్కువండీ?" అనేవారు. విద్యార్థులను సైతం మన్నించి మాట్లాడే సంస్కారం ఆయనది.

రెండు చోట్ల రెండు వైర్‌లెస్ పెట్టెలు పెట్టించి, అంకెలు చూసి, పెట్టెలను తారుమారు చేయించేవారు. పెద్ద అంకె చోటును వదలకపోతే అక్కడ సిగ్నల్ బాగున్నట్టు. పెట్టె వెంట వెళ్లిపోతే చిప్ అబద్ధమాడుతున్నట్టు. ఇది చేయనిదే మా ల్యాబ్ రికార్డుల మీద సంతకం పెట్టేవారు కాదు.

పదవీ విరమణ తర్వాత, కలిదిండి చేపల చెరువులకు హెచ్చరిక పెట్టెలు అమ్మే ఒక కంపెనీ ఆయనను సలహాదారుగా పిలిచింది. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే పెట్టె నుంచి రైతు ఇంటికి సందేశం వెళ్లాలి. మాస్టారు గట్టు మీద పెట్టెలు మార్చి చూశారు. అంకె పెట్టె వెంటే పోయింది. పైగా ఎండ ముదిరేకొద్దీ అదీ నిలకడగా లేదు.

"అంకె చూసి పెట్టెలకు స్తంభాలు పాతొద్దండీ. పంపిన సందేశాల్లో ఎన్ని చేరాయో చూడండి" అని బతిమాలారు.

"మాస్టారూ, ఇది క్లాసు కాదండీ" అని నవ్వాడు మేనేజరు. అంకె బాగుందని స్తంభాలు పాతించేశాడు.

ఒక మబ్బు పట్టిన ఉదయం హెచ్చరిక చేరలేదు. చెరువు నిండా చేపలు తేలాయి. అప్పుడు ఆ మేనేజరే రైతులందరి ముందూ, "చోట్లు చూపించింది మాస్టారేనండీ" అన్నాడు. ఆనాటి నుంచి ఆయన గడప దాటలేదు. ఆ అపనిందతోనే కన్నుమూశారు. గుండెపోటు అన్నారు వైద్యులు. నేను ఒప్పుకోను.

పెద్దకర్మ నాడు అదే మేనేజరు గులాబీల దండతో వచ్చాడు. మాస్టారి సతీమణి సుభద్రమ్మగారు గుమ్మంలోనే ఆపారు.

"ఏవండీ, కలిదిండిలో అందరి ముందూ అన్నారు కదండీ. తప్పు ఆయనది కాదని అక్కడే, అందరి ముందూ చెప్పి రండి. అప్పుడు వేద్దురు గాని దండ."

అతడు తల దించుకుని కారెక్కాడు. ఇంతవరకూ చెప్పలేదు.

అందుకే నేను చెబుతున్నాను. ఆ పెట్టె బిగించిన ప్రతి గట్టుకూ వెళతాను. కొల్లేటి సీమలో మరొకటి అమ్ముడుపోకుండా చూస్తాను. అంతటి అధ్యాపకుడు మాకు మళ్లీ దొరకడు, ఆ లోటు తీరేదీ కాదు. ఎవరినీ నొప్పించవద్దని ఆయన మాకు నేర్పారు. గురుదేవా, మీ మాటల్లో ఈ ఒక్కటి నేను పాటించను.