బొమ్మలో లేని పూస

పరిశోధనాలయం హాల్లో గోడకు ఆనించి పెట్టిన కొత్త బోర్డును గాజక్క నిలబడి చదివింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది. "ఈ గాజుగొట్టాన్ని ఆయన స్వహస్తాలతో తయారు చేసుకున్నారు" అని ఉంది.

"స్వహస్తాలట!" అంది, పక్కన ఎవరూ లేకపోయినా.

ఆ పరిశోధనాలయంలో ఆమె ముప్పై నాలుగేళ్లుగా గాజు ఊదుతోంది. అసలు పేరు హాజరుపట్టీలో మాత్రమే ఉంది. అంతకుముందు ఆమె తండ్రి అదే బల్ల ముందు కూర్చుని ఊదేవాడు. ఆయన తర్వాత ఆ బల్లా, ఆ మంటా ఆమెకు వచ్చాయి. పనిగది నేలకు కింద ఉంటుంది. కిటికీలోంచి చూస్తే దారినపోయేవాళ్ల చెప్పులే కనిపిస్తాయి. పైన ఎవరో కాగితం మీద బొమ్మ గీస్తారు. బొమ్మ కిందికి దిగుతుంది, గాజు పైకి వెళ్తుంది. కిందివాళ్లు బొమ్మ మీద పెన్సిలు పెట్టరు. పెట్టకూడదని ఎవరూ రాసిపెట్టలేదు. అలా జరుగుతూ వచ్చింది, అంతే.

బోర్డు మీది మనిషిని అందరూ పెద్దాయన అనేవాళ్లు. కరెంటు ఆపేశాక కూడా ఖాళీ గొట్టంలో కాసేపు నిలిచే వెలుగును మొదటిసారి కొలిచింది ఆయనే. పాఠ్యపుస్తకాల్లో ఆయన ఫొటో ఉంది. ఆ వెలుగు కనపడాలంటే గొట్టంలోకి మూడు రోజుల పాటు చుక్క గాలి దూరకూడదు. రెండు చివర్లా గాజులోంచి ఒక్కో తీగ లోపలికి పోవాలి. ఆయన గీసిన బొమ్మలో తీగ నేరుగా గాజులోకి పోతుంది. కాగితం మీద అది ఒక గీత.

మంట దగ్గర అది బాగానే అతుకుతుంది. చల్లారేటప్పుడే పేచీ. గాజు ఒక లెక్కన ముడుచుకుంటుంది, తీగ ఇంకో లెక్కన. టిక్కుమంటుంది. వెంట్రుకంత పగులు చాలు, గాలి దూరడానికి. అలా పదకొండు గొట్టాలు పోయాయి. "నీ చెయ్యి కుదురుగా లేదమ్మా!" అని పెద్దాయన మెట్ల మీద నుంచే కేకేసేవారు. ఆమె అప్పుడే పనిలో చేరింది. నిజమేననుకుంది. ఆ నెలంతా తన చేతులను తానే తిట్టుకుంది.

తర్వాత తుక్కుడబ్బా బోర్లించి, దొరికిన ప్రతి రకం గాజునూ కరిగించి చూసింది. కరిగించిన గాజును ముందు తీగ చుట్టూ పూసలా కట్టి, ఆ పూసను గొట్టం ముక్కకు అతికించి చూసింది. నాలుగు రకాలు పగిలాయి. ఐదోది ఆగింది. తీగకూ గొట్టానికీ మధ్య తగువు తీర్చే పెద్దమనిషిలా, పెసరగింజంత పూస కూర్చుంది.

పన్నెండో గొట్టం పైకి వెళ్లింది. పెద్దాయన వెలుగు చూశారు. పుస్తకం రాశారు. అందులో అచ్చయింది మాత్రం పాత బొమ్మే. పూస ఆయన కంట పడలేదు. పడినా, అది కిందిగది సంగతి.

ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు ఆయన పేరున ప్రదర్శన పెడుతున్నారు. అసలు గొట్టం తుడుస్తుంటే జారి ముక్కలైంది. అచ్చం ఇలాగే ఇంకొకటి చెయ్యమని డైరెక్టరు గారు పుస్తకంలోని పేజీ నకలు కిందికి పంపారు. గాజక్క ఆ కాగితం పట్టుకుని ఆయన గదికి వెళ్లింది.

"సార్, ఇలా చేస్తే పగులుతుంది."

"అద్దాల పెట్టెలో పెట్టేదే కదమ్మా. పగిలిన వైపు వెనక్కి తిప్పుదాం."

"పూస పెట్టి చేస్తాను. ఈ బొమ్మలో కూడా పూస గీయించండి."

"పూసేంటి?"

మొత్తం చెప్పింది. ఆయన టీ చల్లారేదాకా విన్నారు. విని, నవ్వారు.

"అంటే, మీ పేరు కూడా బోర్డు మీద వెయ్యమంటారు."

ఆమెకు ఒళ్లు మండింది. "నా పేరు ఎవరిక్కావాలండీ! పూస గియ్యండి అంటున్నాను. ఈ పుస్తకం చూసి ఎక్కడో ఎవరో చేస్తుంటారు. వాళ్లకీ పగులుతుంది. తమకు చేతకాలేదనుకుంటారు."

"పెద్దాయన కూతురు గారు ఉన్నారు. ఆవిడ ఒప్పుకోకుండా నేను అక్షరం కదపలేను."

ఇంటికొచ్చి గిన్నెలు దబదబా సర్దుతుంటే భర్త తొంగిచూశాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి మానేసినవాడు.

"ఎవరి మీద?"

"చచ్చిపోయినాయన మీద."

"హమ్మయ్య. నా మీదేమో అనుకున్నా."

సంగతి విన్నాక, "పోనీలేవే, గొట్టం నిలిచింది కదా" అన్నాడు.

"బస్సు నువ్వు నడిపితే, వెనక సీట్లో కూర్చున్నవాడు నేనే నడిపానంటే ఊరుకుంటావా?"

"ఊరుకుంటా. నాకేం పోయింది? దారి తప్పు చెప్పి పదిమందిని గోతిలోకి పంపితే మాత్రం చొక్కా పట్టుకుంటా."

"మరి నేను మొత్తుకునేది అదేగా!"

రెండు రోజులకు పెద్దాయన కూతురు కర్ర పోటేసుకుంటూ పనిగదికే దిగివచ్చింది. జుట్టంతా నెరిసింది. మంట వైపు కాసేపు చూసింది.

"మా నాన్న ఇంట్లో బల్బు కూడా మార్చేవారు కాదమ్మా. స్వహస్తాలు అని చదివి నాకే నవ్వొచ్చింది."

గాజక్క స్టూలు తుడిచి వేసింది. "కూర్చోండమ్మా. ఆ మాటే వాళ్లకు చెప్పండి మరి."

"అదొక్కటీ అడక్కు." ఆవిడ కూర్చోలేదు. "ఒకచోట తప్పుందంటే రేపు అన్నిచోట్లా వెతుకుతారు."

"వెతకనివ్వండి. తప్పు లేకపోతే దొరకదు కదా."

ఆవిడ మెట్ల వైపు తిరిగింది.

"తెలియక రాస్తే పొరపాటు," అంది గాజక్క. "తెలిసీ ఉంచితే ఏమనాలో మీరే చెప్పండి."

"నీకు చాలా కోపంగా ఉంది."

"ఉందండీ."

ఆవిడ వెళ్లాక గాజక్క బొమ్మలో ఉన్నట్టే, మిల్లీమీటరు తేడా లేకుండా, గొట్టం చేసింది. ఎంత నిదానంగా చల్లార్చాలో అంత నిదానంగా చల్లార్చింది. టిక్కుమంది. పని కాగితం మీద మూడు ముక్కలు రాసింది: "బొమ్మ ప్రకారం చేశాను. పగిలింది. బొమ్మ తప్పు."

మూడో ముక్క కొట్టేయమని డైరెక్టరు గారు కాగితం వెనక్కి పంపారు. ఆమె అలాగే తిప్పి పంపింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పంపింది. మూడోసారి కాగితం రాలేదు.

ప్రదర్శన మొదలైన రోజు ఆమె సెలవు పెట్టి వెళ్లింది. అద్దాల పెట్టెలో గొట్టం తళతళలాడుతోంది. బయట ఎవరితోనో చేయించారు. వంగి చూసింది. మంట తగిలిన గాజు కాదది. రంధ్రం చేసి, తీగ దూర్చి, జిగురుతో అంటించారు. జిగురు చుక్క అప్పుడే పసుపు తిరుగుతోంది.

"జిగురుతో అంటించారండీ ఇది," అంది పక్కనున్న ఆయనతో. "ఊదింది కాదు. లోపల గాలి తీస్తే క్షణం ఆగదు."

ఆయన జరిగిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లకూ అదే చెప్పింది, ఆ తర్వాత వచ్చినవాళ్లకూ. గొంతు హాలంతా వినిపిస్తోంది. గార్డు వచ్చి చెవి దగ్గర నసిగాడు.

"అక్కా, డైరెక్టరు గారు చూస్తున్నారు. ఇక పదండి."

"ఎక్కడికి పదమంటావు? నాకివాళ సెలవు."

చేతిసంచీ తగిలించుకున్న ఒకావిడ వెళ్లబోయి ఆగింది. ఏదో కాలేజీలో పాఠాలు చెబుతుందట.

"మేమూ ఈ బొమ్మ చూసే చేశాం," అంది మెల్లగా. "ప్రతిసారీ పగిలిపోయేది. మాకు చేతకాలేదని వదిలేశాం."

"ఎన్నాళ్లు చేశారు?"

"నాలుగేళ్లు."

గాజక్క మొహం ఎర్రబడింది. హాలు అవతల నిలబడ్డ డైరెక్టరు వైపు తిరిగింది.

"విన్నారా సార్? నాలుగేళ్లట!"

ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అటు తిరిగారు. గాజక్క ఆ టీచరు చేతిలోని ప్రదర్శన చిన్నపుస్తకం లాక్కుని, పెద్దాయన బొమ్మ అచ్చయిన పేజీ తెరిచింది. పెన్ను అడిగి, తీగ గాజులోకి పోయేచోట కాగితం చిరిగేంత గట్టిగా ఒక గుండ్రం చుట్టింది.

"ఇక్కడ పూస పెట్టాలి. ఏ గాజుతోనో చెబుతాను, రాసుకోండి."